గోడౌన్ పిల్లులకు ఇళ్ళు వెతికిన వానాకాలం

పోర్టు గోడౌన్లలో పెరిగిన పిల్లులన్నిటికీ ఊళ్ళో ఇళ్ళు చూసి పంపించామని, ఒక్కదాన్ని కూడా రోడ్డున వదల్లేదని నేను చాలామందికి చెప్పాను. విన్నవాళ్ళు మెచ్చుకునేవారు. అందులో ఒక బూడిదరంగు పిల్లి సంగతి మాత్రం సగమే చెప్పేవాణ్ణి. ఆ పిల్లిని పెంచుకోవడానికి తీసుకున్న ఇంటి ఇల్లాలు నన్ను సూటిగా ఒక ప్రశ్న అడిగినప్పుడు కూడా నిజం చెప్పలేదు. యాభై దాటాక స్వచ్ఛంద విరమణ తీసుకుని ఇంట్లో కూర్చున్న మీదట, ఆ మిగతా సగం రాయడం నా బాధ్యత అనిపించింది.

1986 వానాకాలం మొదట్లో నన్ను విశాఖపట్నం పోర్టు దగ్గరి ఎగుమతి గోడౌన్లకు ఫ్యూమిగేషన్ సూపర్వైజరుగా వేశారు. నేను పనిచేసింది ఒక చిన్న ప్రైవేటు సంస్థలో. అది ఇప్పుడు లేదు. బియ్యం, నువ్వులు, నూనె తీసిన చెక్క వంటి సరుకు ఓడ ఎక్కేముందు పురుగు చావడానికి విషవాయువు పెట్టడం మా పని. కూలీల భాషలో దాన్ని 'గ్యాసు పెట్టడం' అనేవారు. కింద ఆపరేటర్లు, వాళ్ళపైన సూపర్వైజరు, అందరిమీదా డివిజను ఇన్‌ఛార్జి. సూపర్వైజరు హోదా పెద్దదేమీ కాదు. కానీ ఒక అధికారం అతనిదే. సరుకు మీది కవరు ఎప్పుడు మూయాలో, ఎప్పుడు తెరవాలో అతను చెప్పాలి. అతను సరేననేదాకా ఇన్‌ఛార్జి కూడా లోపల కాలు పెట్టకూడదు.

పని ఎలా జరిగేదో కొంచెం చెప్పాలి. బస్తాలను నేరుగా నేలమీద పేర్చరు. చెమ్మ తగలకుండా ముందు చెక్క చట్రాలు పరుస్తారు. వాటిని డన్నేజి అంటారు. వాటి మీద బస్తాల దొంతి లేస్తుంది. దొంతి కింద, చట్రాల మధ్య, చెయ్యి దూరేంత సందులు ఉంటాయి. బస్తాల మధ్య అక్కడక్కడా మందు బిళ్ళలు పెట్టి, దొంతి మొత్తం మునిగేలా పెద్ద కవరు దించి, నేలమీద పరుచుకున్న దాని అంచుల పైన తడిమట్టి మెత్తుతాం. ఆ మట్టే మాకు తాళం. వారం పాటు దాన్ని ఎవరూ కదపకూడదు. బిళ్ళ పెట్టిన వెంటనే గ్యాసు రాదు. గాలిలో తేమ పీల్చుకుని మెల్లగా మొదలవుతుంది. ఆ వ్యవధి ఉండబట్టే మనుషులు బిళ్ళలు పెట్టి క్షేమంగా బయటికి రాగలుగుతారు. నేను చేసిన తప్పు ఆ వ్యవధిలో జరిగింది కాబట్టి ఇంత వివరంగా చెబుతున్నాను.

ఆ గోడౌన్లలోని పిల్లులను ఎవరూ తెచ్చిపెట్టలేదు. ఎలకల కోసం వచ్చి ఉండిపోయాయి. అన్నీ పొట్టి బొచ్చు నాటు పిల్లులు. చారలవి, నల్లవి, పసుపు మచ్చలవి. ఒళ్ళు సన్నగా, గట్టిగా ఉండేది. వాటికి తిండి పెట్టేది మస్తాన్ ఒక్కడే. విశాఖలోని పాతపట్నం మనిషి. చిరిగిన టార్పాలిన్లు, కవర్లు కుట్టడం అతని వృత్తి. గోడౌన్ అరుగు మీద కాళ్ళు చాపుకుని, పెద్ద సూదితో కుట్టుకుంటూ కూర్చునేవాడు. మధ్యాహ్నం తన డబ్బా తెరిచాడంటే ఎక్కడెక్కడి పిల్లులూ అతని చుట్టూ చేరేవి.

అంతకు ముందు ఏడాది మరోచోట కవరు కింద ఒక పిల్లి చచ్చిందట. ఆ సరుకు కొన్నవాళ్ళు గొడవ చేశారు. అందుకని మా ఇన్‌ఛార్జి గోడౌన్లలో ఒక్క పిల్లి ఉండకూడదని ఆర్డరు వేశాడు. గోనెల్లో వేసి చేపల రేవు దగ్గర వదిలేస్తే వాటి తిండి అవి చూసుకుంటాయని ఆయన సలహా. ఆ మాట మస్తాన్‌తో అన్నాను.

"రేవులో ఉన్న పిల్లులకే సాలదు సాబ్. ఈటిని బతకనిత్తాయేటి?" అన్నాడు. "కొంచెం గడువు అడగండి. ఇళ్ళు సూద్దాం."

ఇన్‌ఛార్జి గొణుక్కుంటూనే గడువిచ్చాడు. అలా ఆ వానాకాలం నేను, మస్తాన్ పిల్లులకు సంబంధాలు చూసేవాళ్ళమయ్యాం. పెళ్ళి సంబంధాలకు కూడా అంత విచారణ ఉండదేమో. పిల్లిని అమ్మకూడదని మస్తాన్ నియమం. అడిగినవాడికి ఊరికే ఇవ్వాలి, అడగనివాడికి అంటగట్టకూడదు. ఇచ్చేముందు తనే వెళ్ళి ఇల్లు చూసేవాడు. ఎక్కి కూర్చోడానికి ఎత్తయిన చోటుందా, ఇంట్లో చేప వండుతారా, విసుగొస్తే వేణ్ణీళ్ళు కుమ్మరించే మనుషులా అని ఆరా తీసేవాడు. అన్నీ కుదిరాక ఆ ఇంట్లోంచి ఒక పాత బట్ట అడిగి తెచ్చి, పిల్లి పడుకునే చోట కొన్నాళ్ళు పరిచేవాడు. కొత్త ఇంటికి వెళ్ళేసరికి ఆ వాసన దానికి తెలిసినదై ఉండాలని అతని లెక్క.

చాలావరకు పాతపట్నంలోనే కుదిరాయి. కుట్టుపని చేసేవాళ్ళు, చిన్న దుకాణదారులు, మస్తాన్ చుట్టాలు తలా ఒకటి తీసుకున్నారు. కొందరు మాత్రం ఓడల్లో కనిపించే బొచ్చుపిల్లి కావాలని బేరం పెట్టేవారు. ఒకాయన మా చారల పిల్లిని చూసి, "దీనికి బొచ్చే లేదు కదా" అని పెదవి విరిచాడు. మస్తాన్ సూది ఆపకుండానే, "బొచ్చు కావాలంటే గొంగళి కొనుక్కో బావా. ఇది ఎలకల్ని పడతాది" అన్నాడు.

నల్లపిల్లిని ఎవరూ తీసుకోరని నేను భయపడ్డాను. పూర్ణా మార్కెట్లో బెల్లం వర్తకుడొకాయన దాన్నే ఏరి తీసుకున్నాడు. నల్లది, మీకు పట్టింపు లేదా అని అడిగాను. "పట్టింపు ఎలకలకుండాల గానీ నాకేటి? సీకట్లో ఆటికి కనబడదు. నల్లదే ఒగ్గెల్లండి" అన్నాడు.

ఆ తిరుగుళ్ళు తలుచుకుంటే ఇప్పటికీ సంతోషంగానే ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నాలు, చినుకుల్లో సిటీ బస్సు, మస్తాన్ ఒళ్ళో సంచి. ఒకసారి సంచి కదలడం చూసి కండక్టరు కోడా అని అడిగాడు. పిల్లి అన్నాడు మస్తాన్. కండక్టరు కాసేపు ఆలోచించి, "కోడికైతే టిక్కెట్టు తెలుసు. పిల్లి సంగతి నాకు సెప్పలేదు. కూకోండి" అని ముందుకు వెళ్ళిపోయాడు. పిల్లిని దించిన ఇంట్లో టీ ఇచ్చేవారు. నెల తిరక్కుండా మళ్ళీ వెళ్ళి చూసొచ్చేవాళ్ళం. పిల్లి మమ్మల్ని గుర్తుపట్టనట్టు కళ్ళు మూసుకుంటే మస్తాన్‌కి మహా ఆనందం. కుదురుకుంది అనేవాడు.

చివరికి బూడిదరంగు ఆడపిల్లి మిగిలింది. దానికి నేనే ఇల్లు చూశాను. మా ఊరివాడు సన్యాసినాయుడు ఉక్కు కర్మాగారంలో చేరి, ఉక్కునగరంలో క్వార్టరులో కాపురం పెట్టాడు. వరస లేకపోయినా చిన్నప్పటినుంచీ బావా అంటే బావా అనుకునేవాళ్ళం. అతని భార్య పైడమ్మ నన్ను అన్నయ్యా అనేది. కొత్తగా తవ్విన నేలలు కావడంతో ఆ ఇళ్ళ చుట్టూ పందికొక్కులు. పిల్లిని తెచ్చిపెట్టమని పైడమ్మే అడిగింది. సన్యాసినాయుడి తల్లి అప్పయ్యమ్మ గారికి ఇష్టం లేదు. పిల్లి ఇంట్లో ఏడిస్తే మంచిది కాదని ఆవిడ నమ్మకం. ఏడవకుండా నాను సూసుకుంటానని పైడమ్మ ఒప్పించి, తన పాత చీర ముక్క నాకిచ్చింది.

మస్తాన్ ఇల్లు చూసి సరేనన్నాడు. అయితే ఒక మాట చెప్పాడు. "ఇది సూడితో ఉంది సాబ్. ఈనాలి, పిల్లలు తిండి నేర్సుకోవాలి. అందాకా కదపొద్దు. తల్లినీ పిల్లల్నీ కలిపే పంపుదాం." ఆ తర్వాత అతను తమ్ముడి కొడుకు పెళ్ళికి విజయనగరం వెళ్ళాడు.

అతను ఊళ్ళో లేనప్పుడే ఓడ ముందుగా వచ్చేసింది. ఆ పిల్లి ఉండే గోడౌన్లోని నువ్వుల దొంతికి వెంటనే గ్యాసు పెట్టాలని ఇన్‌ఛార్జి కబురు చేశాడు. మూసేముందు సూపర్వైజరు దొంతి నాలుగు వైపులా మోకాళ్ళ మీద కూర్చుని, డన్నేజి సందుల్లోకి టార్చి వేసి చూడాలి. మూడు వైపులు చూశాను. నాలుగో వైపు గోడకు దగ్గరగా ఉంది. అక్కడ వంగడానికి ఇరుకు. పిల్లి బయటికి వెళ్ళడం నేను పొద్దున చూశాను కదా అనుకుని, నిలబడే అటు టార్చి తిప్పి, కానివ్వండి అన్నాను.

బిళ్ళలు పెట్టారు. కవరు దించారు. మట్టి మెత్తడం పూర్తవుతుండగా పిల్లి వచ్చింది. నేరుగా గోడ వైపుకి వెళ్ళి తడిమట్టిని గోళ్ళతో గీకడం మొదలుపెట్టింది. తోలితే కవరు చుట్టూ తిరిగి మళ్ళీ అక్కడికే వచ్చేది. ఆపరేటర్లు నవ్వారు. "సూపర్వైజరు గారూ, ఇది మీకన్నా బాగా ఇన్‌స్పెక్షన్ సేత్తంది" అన్నాడు ఒకడు. కవరు చిరుగుతుందని నేనే వెళ్ళి దాన్ని పట్టుకున్నాను. పొట్ట కింద నా అరచెయ్యి తడిసింది. పాలు.

నాకు ఆ క్షణమే తెలిసింది. ఇన్నాళ్ళూ తెలియలేదన్నట్టు చెబుతూ వచ్చాను. అది నిజం కాదు. పిల్లలు ఆ గోడవైపు చట్రాల కింద ఉన్నాయి. బిళ్ళలు పెట్టి ఎంతోసేపు కాలేదు. గ్యాసు వస్తే ముందు వెల్లుల్లి లాంటి వాసన తగులుతుంది. అదింకా లేదు. కవరు ఎత్తించి, బిళ్ళలు తీయించి, పిల్లలను బయటికి తెచ్చి, మళ్ళీ మొదలుపెట్టే అధికారం అక్కడ నాకు తప్ప ఎవరికీ లేదు. వానగాలి తేమకు గ్యాసు ఈపాటికి వచ్చేసి ఉంటుంది, మనుషుల్ని ప్రమాదంలో పెట్టకూడదు అని నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం అది కాదు. దొంతి తెరిస్తే ఎందుకు తెరిచావని అడుగుతారు. నాలుగో వైపు చూడలేదని చెప్పాల్సి వస్తుంది. పిల్లులను తీసేయమన్న ఆర్డరుకు గడువు అడిగింది కూడా నేనే.

పిల్లిని పైడమ్మ చీర ముక్కతో సహా సంచిలో వేసుకుని ఆ సాయంత్రమే ఉక్కునగరం తీసుకెళ్ళాను. అక్కడుంటే మట్టి గీకుతూనే ఉంటుంది మరి.

వారం తిరిగాక దొంతి తెరిచాం. తలుపులు తీసి గాలి ఆడనిచ్చాక ముందుగా మాస్కు పెట్టుకుని లోపలికి వెళ్ళేది సూపర్వైజరే. కాబట్టి మూడు పిల్లలనూ చూసింది నేనొక్కణ్ణే. గోడౌన్ వెనక మట్టిలో పాతిపెట్టి వచ్చి, లోపల అంతా బాగుంది అని ఆపరేటర్లతో చెప్పాను. మస్తాన్ తిరిగొచ్చి పిల్లి ఏదని అడిగాడు. కవర్లు చింపేస్తోందని ఉక్కునగరం పంపేశానన్నాను. "ఈనలేదా?" అన్నాడు. లేదన్నాను. నా ముఖంలోకి ఒకసారి చూసి మళ్ళీ సూది అందుకున్నాడు. ఆ తర్వాత నాతో పిల్లుల మాట ఎత్తలేదు. నాకు ధైర్యం వచ్చేలోపే అతను చనిపోయాడు.

దొంతి తెరిచాక వచ్చిన ఆదివారం ఉక్కునగరం వెళ్ళాను. పిల్లి తలుపు దగ్గరే కూర్చుని ఉంది. అది రాత్రనక పగలనక అరుస్తూనే ఉందని, మంచాల కింద, సామాన్ల సందుల్లో ఏదో వెతుకుతోందని పైడమ్మ చెప్పింది. అప్పయ్యమ్మ గారు వీధిలోకి వినబడేలా కోడలిని దెప్పుతున్నారు. "ఏడవకుండా సూసుకుంతానంది. సూసుకో మరి. ఇంటి మీదకి ఏటి తెత్తదో అది."

పైడమ్మ నాకు మంచినీళ్ళిస్తూ గొంతు తగ్గించి అడిగింది. "అన్నయ్యా, దీనికి పిల్లలున్నాయేటి? పొట్ట కింద పాలు సేపుకొచ్చినట్టుంది. ఇది ఏడుపు కాదు, పిలుత్తంది."

"లేవు చెల్లెమ్మా. కొత్తచోటు కదా, అంతే" అన్నాను.

"అయితే నాకే అలాగనిపించినట్టుంది" అని లోపలికి వెళ్ళిపోయింది.

నేను ఔనని ఉంటే ఏమయ్యేదో ఆలోచించాను. అప్పయ్యమ్మ గారు పల్లెలో పాడి చేసిన మనిషి. దూడ పోయిన ఆవు అరిస్తే దాన్ని ఎవరూ అరిష్టం అనరు. దాణా కాస్త ఎక్కువ పెట్టి, దగ్గర కూర్చుని ఒళ్ళు నిమురుతారు. కారణం తెలిస్తే ఆవిడే ఆ పిల్లిని ఒళ్ళో పెట్టుకునేదని నా నమ్మకం. కారణం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

కొన్నాళ్ళకి సన్యాసినాయుడు వానలో డ్యూటీ నుంచి వస్తూ కూర్మన్నపాలెం దగ్గర స్కూటరు జారి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ రోడ్డు మీద వానాకాలం ఎంతమంది పడేవారో ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. అయినా ఇంట్లో మాత్రం అది పిల్లి ఏడుపు తెచ్చిన కీడు అయిపోయింది. ఆ పిల్లిని పట్టుబట్టి తెచ్చింది పైడమ్మ. పక్కింటివాళ్ళ లారీలో పిల్లిని అనకాపల్లి అవతలికి పంపించి వదిలేయించారు. పైడమ్మ వద్దని బతిమాలిందట. మంచం మీద ఉన్న సన్యాసినాయుడు కూడా, "ఒగ్గీమను, అది ఏటో పీడ" అన్నాడట.

పిల్లి పోయింది గానీ మాట పోలేదు. పిల్లాడికి జ్వరమొస్తే, ప్రమోషన్ తప్పితే, ఊళ్ళో పంట పోతే, "ఆ పిల్లిని తెచ్చిన కాడ్నుంచీ" అనేవారు. నవ్వుతూనూ అనేవారు, కోపంగానూ అనేవారు. పైడమ్మకి ఏదైనా కొత్త వస్తువు కొనాలనిపిస్తే, "సూసి తే, మళ్ళీ పిల్లి అవగలదు" అని చుట్టాల ఎగతాళి. ఆమె మెల్లగా ఏదీ అడగడం మానేసింది. ఇంటి విషయాల్లో ఆమె మాటకి విలువ తగ్గడం నేను చూశాను. ఆమె వండిన చేపల పులుసు తింటూ, ఆ ఎగతాళి వింటూ, ఏమీ తెలియనట్టు ఎన్నో ఆదివారాలు ఆ ఇంట్లో కూర్చున్నాను. ఒకట్రెండు సార్లు నవ్వాను కూడా.

ఉద్యోగపరంగా ఈ సంఘటన నాకు నేర్పింది చిన్న విషయం. మూయడం కన్నా తెరవడం సూపర్వైజరుకు పెద్ద అధికారం, పెద్ద బాధ్యత. వాసన తగిలేదాకా ఏ దొంతినైనా తెరవచ్చు. తెరిచినందుకు వచ్చే మాట ఒక పూట ఉంటుంది. తర్వాతి కాలంలో కొత్తగా చేరిన ఆపరేటర్లకు ఈ మాట చెప్పేవాణ్ణి. నాలుగో వైపు వంగి చూడనివాణ్ణి పని నుంచి తప్పించేవాణ్ణి. ఇది నాకు ఎక్కడ తెలిసిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

విరమణ తీసుకున్న ఏడాది ఒక పొద్దున ఉక్కునగరం వెళ్ళాను. అప్పయ్యమ్మ గారు పోయి అప్పటికి చాలాకాలమైంది. సన్యాసినాయుడు పొద్దుటి షిఫ్టుకి వెళ్ళాడు. పైడమ్మ గడపలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. కూర్చుని మొత్తం చెప్పాను. పాలతో నా చెయ్యి తడిసిన సంగతి, వాసన ఇంకా రాని సంగతి, తనడిగితే లేవన్న సంగతి. ఆమె చేతులు ఆగలేదు.

"ఎన్ని?" అని అడిగింది చివరికి.

"మూడు."

తీసిన పిక్కలు పక్కకి తోసింది. తర్వాత, "మా అత్త ఉన్నప్పుడు సెప్పుంటే బాగున్ను అన్నయ్యా" అంది. అందులో కోపం లేదు. ఉంటే నాకు తేలికయ్యేది. నన్ను క్షమించమని అడిగాను.

"నాకు సెప్తే సరిపోదు. నాకు అప్పుడే తెలుసు. మీరు లేవన్నారని నా మాట నానే నమ్మడం మానేశాను" అంది. "ఆయనొచ్చీదాకా కూకోండి. కొడుకూ కోడలూ కూడా ఇంట్లోనే ఉన్నారు. అందరి ముందరా సెప్పండి."

కూర్చున్నాను. మధ్యాహ్నం సన్యాసినాయుడు వచ్చి, "ఏటి బావా, ఈ ఏళప్పుడు వచ్చావు" అంటూ టోపీ తీసి మేకుకి తగిలించాడు. పైడమ్మ కొడుకునీ కోడలినీ పిలిచి గోడకి ఆనుకుని నిలబడింది. నేను లేచి నిలబడి మొదటినుంచీ మళ్ళీ చెప్పాను. ఏదీ వదల్లేదు. చెప్పడం అయ్యాక పైడమ్మ వైపు తిరిగి అన్నాను. "ఆ పిల్లి ఏడ్చింది నా వల్ల చెల్లెమ్మా. నువ్వు చెప్పిందే నిజం, నేను చెప్పింది అబద్ధం. ఇన్నేళ్ళూ నీకు పడ్డ మాట నాకు పడాల్సింది. తప్పు నాది. నన్ను క్షమించు."